గ్వాలియా గుట్ట మీద ఇంజినీరు

పెర్త్ విడిచి తూర్పుకు తిరిగితే మొదట గోధుమ పొలాలు వస్తాయి. అవీ అయిపోయాక రోడ్డు పక్కన మనిషి ఆనవాలుగా మిగిలేది ఒక్క నీళ్ల గొట్టమే. ముందరింగ్ దగ్గర ఆనకట్ట కట్టి, మొదట్లో ఎనిమిది పంపింగ్ స్టేషన్లు పెట్టి, 530 కిలోమీటర్ల పొడవునా ఎత్తుకు ఎక్కించి కాల్గూర్లీ దాకా నీళ్లు తోలుతున్న గొట్టం అది. 1893లో ప్యాడీ హానన్ అనే ఐరిష్ మనిషికి అక్కడ బంగారం దొరికింది. బంగారం ఉంది గాని తాగడానికి నీళ్లు లేవు. వేలాదిగా వచ్చిపడిన జనంలో ఎందరో టైఫాయిడ్‌తో పోయారు. ఈ గొట్టం పథకం వేసిన ఇంజినీరు సి.వై. ఓకానర్‌ను పత్రికలూ రాజకీయ నాయకులూ కలిసి రాచిరంపాన పెట్టారు. 1902 మార్చిలో ఆయన ప్రాణం తీసుకున్నాడు. 1903 జనవరిలో కాల్గూర్లీలో నీళ్లు పడ్డాయి. గొట్టం ఇప్పటికీ పనిచేస్తోంది.

నేను బయల్దేరింది మరో ఇంజినీరు జాడ వెతుక్కుంటూ. ఆయన పేరు హెర్బర్ట్ హూవర్. అమెరికా 31వ అధ్యక్షుడిగా, ఆర్థిక మాంద్యం కాలంలో దేశాన్ని నిలబెట్టలేకపోయిన మనిషిగా చరిత్ర పుస్తకాలు ఆయన్ని పరిచయం చేస్తాయి. ఆ నాలుగేళ్ల కంటే ముందు ఆయనకు ఇరవయ్యేళ్ల మరో జీవితం ఉంది. రాయిని చూసి, కొట్టి, తూచి, దాని వెనకాల ఎంత సరుకు ఉందో చెప్పి బతికిన జీవితం. ప్రపంచంలో పేరున్న గనుల నిపుణుల్లో ఒకడు కావడానికి ఆయనకు తొలిమెట్టు ఈ ఎర్రమట్టి ఎడారిలోనే పడింది.

కాల్గూర్లీలో మా అక్క కొడుకు ఉంటాడు. కొత్తగూడెంలో మైనింగ్ ఇంజినీరింగ్ చదివి, కొన్నాళ్లు బొగ్గు గనుల్లో చేసి, ఇప్పుడు ఇక్కడ బంగారు గనిలో పనిచేస్తున్నాడు. వాళ్ల తాత ఇల్లందు బొగ్గు బాయిల్లో తట్టా చెమ్మస్ పట్టిన మనిషి. బొగ్గు నింపిన చేతుల ఇంట్లోంచి వచ్చాడు కాబట్టి వీడికి గని అంటే చదువు మాత్రమే కాదు. "మామా, తాత బాయిల దిగంగనే ముందుగాల కర్రతోని కప్పు కొట్టి చూసేటోడట. ఖంగుమంటే మంచిగున్నట్టు, బోలుగ సప్పుడైతే జరుగుమన్నట్టు. ఇక్కడ మేం అదే పని మిషన్లతోని చేస్తం" అన్నాడు మొదటిరోజు రాత్రి భోజనాల దగ్గర.

మర్నాడు పొద్దున్నే సూపర్ పిట్ చూపించాడు. మూడున్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరున్నర వెడల్పు, ఆరు వందల మీటర్లకు పైగా లోతు. అంచున నిలబడితే కింద తిరిగే లారీలు కదులుతున్నాయో లేదో కాసేపటిదాకా తెలియదు. ఒకప్పుడు ఇక్కడ పదుల కొద్దీ విడివిడి గనులు ఉండేవి, వాటన్నిటినీ కలిపి ఒకే గొయ్యి చేశారు. ఈ ఊరి మొదటి రోజుల్లో ఖనిజం గుర్తుపట్టే కన్ను ఎంత అవసరమైందో చెప్పే కథ ఒకటి ఉంది. ఇక్కడి బంగారంలో కొంత టెల్లూరియంతో కలిసి, ఇత్తడి ఛాయలో, ఎందుకూ పనికిరాని రాయిలా కనిపించేది. దాన్ని అవతల పారేసేవాళ్లు, రోడ్ల గుంతల్లో పోసేవాళ్లు. 1896లో అది బంగారమున్న ఖనిజమని తేలాక జనం రోడ్లు తవ్వుకున్నారని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. హూవర్ దిగింది ఆ మరుసటి ఏడాదే.

ఇక్కడి ప్యాలెస్ హోటల్లో చెక్కపని చేసిన పెద్ద అద్దం ఒకటి ఉంది. హూవర్ బహూకరించాడని చెబుతారు. వచ్చినవాళ్లంతా దాని ముందు ఫొటోలు దిగుతారు. నాకు ఆయన గని చూడాలని ఉంది.

గ్వాలియా కాల్గూర్లీకి ఉత్తరాన 235 కిలోమీటర్ల దూరంలో, లియొనోరా అనే చిన్న ఊరి పక్కన ఉంది. దారి పొడవునా ఎర్రమట్టి, ముల్గా పొదలు, ఉప్పు తేలిన సరస్సులు. మూడు నాలుగు ట్రైలర్లు తగిలించుకున్న రోడ్డు రైళ్లు ఎదురైనప్పుడల్లా మావాడు కారు ఎడమ అంచుకు తీసేవాడు. హూవర్ ఈ నేల మీద గుర్రబ్బగ్గీలో, ఒంటె మీద తిరిగాడు. అప్పట్లో ఇక్కడి సామాను, నీళ్లు, టపా చాలావరకు ఒంటెల మీదే నడిచేది. వాటిని తోలేవాళ్లు అఫ్గానిస్తాన్ నుంచీ, అప్పటి మన దేశపు వాయవ్య ప్రాంతాల నుంచీ వచ్చినవాళ్లు. అందరినీ కలిపి అఫ్గానులనే పిలిచేవారు. గనుల చరిత్రల్లో వాళ్ల పేర్లు పెద్దగా కనిపించవు. వాళ్లు లేకపోతే ఇంజినీర్లు ఈ ఎడారిలో అడుగుపెట్టే వీలే లేదు.

హూవర్ 1874లో అయోవా రాష్ట్రంలో క్వేకర్ల ఇంట పుట్టాడు. తండ్రి కమ్మరి. పదేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచిన ఏడాదే చేరి, 1895లో భూగర్భశాస్త్రంలో పట్టా తీసుకున్నాడు. పట్టా ఉంది, ఉద్యోగం లేదు. కాలిఫోర్నియాలో నెవడా సిటీ గనుల్లో రాత్రి షిఫ్టుల్లో ఖనిజం బండ్లు తోశాడు. తరవాత శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయీ జానిన్ అనే పేరున్న గనుల ఇంజినీరు దగ్గర గుమాస్తాగా చేరి, ఆయన మెప్పు పొందాడు. లండన్‌లో బీవిక్ మోరింగ్ కంపెనీ ఆస్ట్రేలియాకు అనుభవమున్న ఇంజినీరు కావాలని అడిగితే, జానిన్ ఇతని పేరు చెప్పాడు. వాళ్లు అడిగింది ముప్పై అయిదేళ్ల మనిషిని. వీడికి ఇరవై రెండు. పెద్దవాడిలా కనపడటానికి గడ్డం పెంచుకుని ఓడ ఎక్కాడని ఆయన జీవితచరిత్రలన్నీ రాస్తాయి.

ఆయన పని గనులు చూసి రావడం. ఎవరో ఒకడు ఒక గుట్ట మీద గొయ్యి తవ్వి, ఇక్కడ బంగారం ఉంది కొంటారా అంటాడు. కొనే డబ్బు లండన్‌లో ఉంటుంది. ఆ ఇద్దరి మధ్యా నిలబడి, చీకట్లోకి దిగి, ఇది కొనదగిందో కాదో రాసి సంతకం పెట్టేవాడే గనుల నిపుణుడు. చాలా గనులు వద్దనే రాసి పంపాడు. 1896లో వెలుగు చూసిన సన్స్ ఆఫ్ గ్వాలియా గనిని మాత్రం కొనమని గట్టిగా చెప్పాడు. కంపెనీ కొన్నది, 1898 మే నెలలో ఆయన్నే మేనేజరును చేసింది. ఇరవై నాలుగు ఇంకా నిండలేదు.

గుట్ట ఎక్కితే ముందు ఆ ఇల్లు కనిపిస్తుంది. చుట్టూ వరండా, ఎత్తు కప్పు, తెల్లరంగు. తను కట్టించడం మొదలుపెట్టిన ఈ ఇంట్లో ఎక్కువకాలం ఉండే అవకాశం ఆయనకు రాలేదు. ఇప్పుడది అతిథి గృహం. వరండా దాటి నాలుగడుగులు వేస్తే నేల ఆగిపోతుంది, కింద గొయ్యి. 1980లలో మళ్లీ తవ్వకం మొదలుపెట్టినప్పుడు పాత సొరంగాలను మింగేస్తూ తవ్విన గొయ్యి అది. దాని అడుగున ఒక నల్లటి రంధ్రం, అందులోకి లారీలు దూరుతూ వస్తూ ఉన్నాయి. పదహారు వందల మీటర్లకు పైగా లోతుకు వాటి దారి పోతుంది. ఇరవై మూడేళ్ల కుర్రాడు కొనమన్న ఖనిజపు పడక నుంచి నూట పాతికేళ్ల తరవాత కూడా బంగారం తీస్తున్నారు.

పక్కనే పాత పరీక్షశాల, గని ఆఫీసు ఇప్పుడు మ్యూజియంగా ఉన్నాయి. నాకు అక్కడే చాలాసేపు పట్టింది. గనిలో నమూనా తియ్యడం అంటే ఎక్కడో మెరిసే రాయి ఏరుకొచ్చుకోవడం కాదు. పడకకు అడ్డంగా, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా, ఒకే వెడల్పు, ఒకే లోతు కాలువలా ఉలితో చెక్కాలి. మళ్లీ కొలిచి అంతే దూరంలో ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. బాగున్న చోటూ బాగులేని చోటూ ఒకేలా చెక్కాలి, చెయ్యి మెరుపు వైపు లాగినా లొంగకూడదు. చెక్కిన రాళ్లను దంచి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారేసి, మిగిలింది మళ్లీ దంచి మళ్లీ నాలుగు చెయ్యాలి. చివరికి గుప్పెడు పొడి మిగులుతుంది. దాన్ని సంచిలో పోసి ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర ఎందుకంటే, రాత్రి వేళ సంచిలో చిటికెడు బంగారం పొడి కలిపి ఉత్త గొయ్యిని గనిగా అమ్మేసిన మోసాలు అప్పట్లో కొల్లలు.

పొడిని సీసం భస్మం, వెలిగారంతో కలిపి మూసలో కరిగిస్తారు. కరిగిన సీసం బంగారాన్ని, వెండిని తనలోకి లాక్కుని అడుక్కి దిగుతుంది. ఆ సీసం గుండును ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలోకి తోస్తారు. గిన్నె సీసాన్ని పీల్చేసుకుంటుంది. మిగిలిన పూసలోంచి వెండిని ఆమ్లంతో కరిగించి తీసేస్తే, ఉత్త బంగారం. ఆ మ్యూజియంలో గాజు పెట్టెలో తక్కెడ ఉంది. ఊపిరి తగిలినా ఊగే తక్కెడ కాబట్టి పెట్టెలో పెట్టి తూచేవారు. మన కంసాలుల ఇళ్లల్లో మూసా కొలిమీ చూసి పెరిగినవాడిని కాబట్టి ఆ గదిలో నాకు కొత్త అనిపించలేదు. కొత్తగా అనిపించిందల్లా ఒక్కటే. ఆవగింజలో పదో వంతు లేని ఆ పూస బరువును బట్టి లండన్‌లో లక్షల పౌన్ల వాటాలు లేచేవి, పడేవి. బావురుమన్న ఈ ఎడారిలో ఊళ్లు వెలిసేవి.

బయట చెక్కతో కట్టిన ఏటవాలు హెడ్‌ఫ్రేమ్ నిలబడి ఉంది. అమెరికా నుంచి తెచ్చిన ఆరెగాన్ దుంగలు. పడక ఏటవాలుగా దిగింది కాబట్టి షాఫ్టు కూడా ఏటవాలుగా తవ్వారు, పైన నిలబెట్టిన చట్రమూ అదే వాలు. రూపకల్పన హూవర్‌దేనంటారు. మావాడు దుంగ మీద చెయ్యేసి, బోల్టులు ఒక్కొక్కటే తడిమి చూశాడు.

గుట్ట దిగితే కార్మికుల ఇళ్లు. ఇళ్లు అనాలంటే మనసు రాదు. ముడతల రేకు గోడలు, లోపల గోనెపట్టా కొట్టి దాని మీద సున్నం. గోనెపట్టా ఇప్పుడు చినిగి వేలాడుతోంది. ఒక గదిలో ఇనప మంచం, పొయ్యి మీద కెటిల్, మేకుకు తగిలించిన కోటు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి రేకు కింద నిలబడలేకపోయాం. నలభై డిగ్రీలు దాటే వేసవిలో, పగలు నిద్రపోవాల్సిన రాత్రి షిఫ్టు మనిషి ఇక్కడ ఎలా నిద్రపోయాడో ఊహించడం కష్టం. ఇక్కడ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఇటలీ, యుగొస్లావియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు. ఇటలీ వాళ్లు రావడం వెనక హూవర్ ఉన్నాడు. మేనేజరు కాగానే ఆయన ఆదివారం పనికిచ్చే రెట్టింపు కూలీ తీసేశాడు, పనిగంటలు పెంచాడు. సంఘం ఎదురుతిరిగితే, తక్కువకు వచ్చి నోరెత్తకుండా చేసే ఇటాలియన్లను తెచ్చుకోవచ్చని లండన్‌కు రాశాడు. తెచ్చుకున్నాడు కూడా. టన్నుకు అయ్యే ఖర్చు తగ్గింది, కంపెనీ మెచ్చుకుంది.

ఈ చోట నిలబడి నేను ఆయన్ని సమర్థించలేను. పడకకు అడ్డంగా మంచీ చెడూ ఒకేలా చెక్కినవాడు, మనిషి దగ్గరికి వచ్చేసరికి ఖర్చు పద్దు ఒక్కటే చెక్కి చూశాడు. నెవడా సిటీలో బండి తోసిన మనిషే ఇలా రాశాడంటే బాధ ఇంకా ఎక్కువ.

ఈ గనికి ఆవిరి బాయిలర్ల కోసం చుట్టుపక్కల ముల్గా అంతా నరికారు, అందుకోసం ప్రత్యేకంగా రైలుపట్టాలు వేశారు. అరవై ఆరేళ్లలో 26 లక్షల ఔన్సులు, అంటే 80 టన్నులకు పైగా బంగారం తీశారు. 1963 డిసెంబరు 28న గని మూసేశారు. క్రిస్మస్ పండగ అప్పుడే అయింది. మూడు వారాలు తిరిగేసరికి 1200 మంది ఉన్న ఊళ్లో నలభై మంది మిగిలారు. మోయగలిగింది తీసుకుని వెళ్లిపోయారు, మోయలేనిది ఇదిగో ఈ మంచం, ఈ కెటిల్. 2001లో కోలార్ బంగారు గనులు మూతపడ్డప్పుడు అక్కడి తమిళ, తెలుగు కుటుంబాలు రోజూ తెల్లవారి రైలెక్కి బెంగళూరు కూలికి పోవడం మొదలుపెట్టాయి. ఇక్కడ పోవడానికి దగ్గర్లో బెంగళూరు లాంటిదేమీ లేదు.

హూవర్ 1898 చివర్లోనే గ్వాలియా వదిలాడు. కంపెనీ చైనా పొమ్మంది. పోతూ కాలిఫోర్నియాకు తంతి కొట్టాడు, లూ హెన్రీ అనే అమ్మాయికి, నన్ను పెళ్లాడతావా అని. ఆమె కూడా స్టాన్‌ఫర్డ్‌లో భూగర్భశాస్త్రమే చదివింది. 1899 ఫిబ్రవరిలో పెళ్లి, వెంటనే చైనా ఓడ. 1900లో బాక్సర్ల తిరుగుబాటు వేళ ఇద్దరూ టియెన్‌సిన్‌లో చిక్కుకుపోయారు. ఆ గందరగోళంలో కైపింగ్ బొగ్గు గనులు చైనా వాళ్ల చేతుల్లోంచి హూవర్ కంపెనీ చేతుల్లోకి వచ్చాయి. గనుల అధికారి చాంగ్ యెన్‌మావ్ లండన్‌లో దావా వేశాడు, హూవర్ సాక్ష్యం చెప్పాడు, 1905లో కోర్టు చాంగ్ పక్షాన తీర్పు చెప్పింది. హూవర్ ఉద్యోగ జీవితంలో ఇది చెరగని మచ్చ.

ఆయన్ని మెచ్చుకోవలసిన పని మళ్లీ ఆస్ట్రేలియాలోనే, బ్రోకెన్ హిల్‌లో ఉంది. అక్కడ సీసం, వెండి తీసుకుని వదిలేసిన చెత్త గుట్టలుగా పేరుకుంది. అందులో జింకు దండిగా ఉంది, విడదీసే దారే లేదు. 1905లో హూవర్, మరికొందరు కలిసి జింక్ కార్పొరేషన్ పెట్టి ఆ గుట్టలు కొన్నారు. డబ్బు చాలా ఖర్చయింది, ఒక పద్ధతి పోతే ఇంకో పద్ధతి పట్టారు. చివరికి పొడిని నీళ్లలో కలిపి, కొద్దిగా నూనె వేసి, గాలి బుడగలు పంపితే పనయింది. చల్ల చిలికితే వెన్న తేలినట్టు ఖనిజం నురగకు అంటుకుని పైకి తేలుతుంది, రాతిపొడి అడుగున ఉండిపోతుంది. ఇవాళ ప్రపంచంలో రాగి, సీసం, జింకు ఖనిజాల్లో చాలా భాగాన్ని శుద్ధి చేస్తున్నది ఈ పద్ధతిలోనే. ఆ కంపెనీయే పేర్లు మారుతూ, కలుస్తూ, తరవాత రియో టింటోలో భాగమైంది. బర్మాలో బాడ్విన్ వెండి, సీసం గనుల నుంచీ ఆయనకు పెద్ద ఆస్తి సమకూరింది.

డబ్బు వచ్చాక భార్యాభర్తలు అయిదేళ్లపాటు లాటిన్ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారు. 1556లో అచ్చయిన, అగ్రికోలా అనే పండితుడి గనుల గ్రంథం అది. అర్థంకాని చోట ప్రయోగాలు చేసి చూసుకుంటూ పనిచేశారు. 1912లో ఇంగ్లీషులో తెచ్చారు, ఇప్పటికీ అదే ప్రామాణికం. ఆ తరవాత 1914లో యుద్ధం వచ్చింది. బెల్జియంలో ఆకలితో ఉన్న లక్షల మందికి తిండి చేర్చే పని నెత్తిన వేసుకుని గనులు వదిలేశాడు.

తిరుగు దారిలో నేను మావాడితో మాట్లాడింది హూవర్ 1909లో అచ్చువేసిన చిన్న పాఠ్యపుస్తకం గురించి. కొలంబియా, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసాలు. గనిలో ఖనిజాన్ని మూడు రకాలుగా వేరు చెయ్యమంటాడు అందులో. తెగిపోయే ప్రమాదం దాదాపు లేనిది మొదటి రకం. కొంత ప్రమాదమున్నా కొనసాగుతుందని నమ్మడానికి తగిన కారణం ఉన్నది రెండోది. మూడోది ఉండవచ్చు అనుకునేది. దానికి టన్నుల లెక్కే వెయ్యవద్దంటాడు. ఆశను అంకెగా రాయవద్దని ఇంత కచ్చితంగా చెప్పినవాడు అదే పుస్తకంలో, కూలీల సంఘాలు పెట్టుబడి పెత్తనానికి సహజమైన, సరైన విరుగుడు అనీ రాశాడు. గ్వాలియా వదిలిన పదకొండేళ్లకు. కారణం ఎక్కడా విడమరిచి చెప్పలేదు గాని, 1898 ఉత్తరాలూ ఈ పేజీలూ పక్కపక్కన పెట్టి చదివితే మనిషి ఎంత దూరం నడిచాడో కనిపిస్తుంది. ఆ నడక నాకు అధ్యక్ష పదవి కంటే పెద్దదిగా తోస్తుంది.

"ప్రూవ్డ్, ప్రాబబుల్ అని ఇయ్యాళ కూడా మేం అవే మాటలు రాస్తం మామా" అన్నాడు మావాడు. ఆ మాటల వెనక ఈ ప్రాంతానికే చెందిన పెద్ద దెబ్బ ఉంది. లియొనోరాకు తూర్పున లావర్టన్ దగ్గర విండారాలో 1969లో నికెల్ పడిందన్న వార్త పొక్కింది. సెప్టెంబరులో డాలరు కూడా పలకని పొసైడన్ కంపెనీ వాటా 1970 ఫిబ్రవరికి 280 డాలర్లకు ఎక్కి, కూలిపోయింది. ఎందరో సామాన్యుల డబ్బు గాల్లో కలిసింది. ఆ తరవాతే గనుల పరిశ్రమ కమిటీ వేసుకుని, ఎంత ఖనిజం ఉందో ఎవరు, ఎలా ప్రకటించాలో నియమాలు రాసుకుంది. 1989లో వచ్చిన జార్క్ కోడ్ అదే. అంచనా వేసిన నిపుణుడి పేరు నివేదికలో ఉండాలి, అదే రకం పడకలో కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలి. 2004లో, గ్వాలియా పేరే పెట్టుకున్న కంపెనీ, ముందే అమ్మేసిన బంగారానికి సరిపడా నిల్వలు చూపించలేక మూతపడినప్పుడు ఆ నియమాల విలువ మరోసారి తెలిసివచ్చింది.

మావాడికి ఆ అయిదేళ్లు ఈ ఏడాదితో నిండుతాయి. తను చూస్తున్న గనిలో ఒక ముక్క ఉంది. రెండు డ్రిల్లు రంధ్రాల్లో బంగారం బాగా కనిపించింది. వాటి మధ్య దూరం ఎక్కువ, అక్కడ పడక వంకర తిరిగినట్టుంది. దాన్ని రెండో రకంలో కలిపితే కంపెనీ లెక్క అందంగా కనిపిస్తుంది. పైవాళ్లు కలుపుదామనే అన్నారు. "నడుమ ఇంక రెండు వేసి చూద్దాం, అప్పటిదాంక నా పేరు రాయకుండ్రి అన్న మామా. జర మొఖాలు మాడ్చుకున్నరు గని ఒప్పుకున్నరు. మంగళవారం రిగ్గు వస్తది" అన్నాడు, మెన్జీస్ దాటుతుండగా, ఎదురొస్తున్న రోడ్డు రైలుకు దారిచ్చి కారు పక్కకు తీస్తూ.